జట్టు ఎవరి సొత్తు?

2025లో హైదరాబాదు పేరు పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టొకటి మూటాముల్లే సర్దుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. అక్కడ దానికి కొత్త పేరు పెట్టారు. అది అనామకపు జట్టేమీ కాదు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో తుదిపోటీ ఆడి, ఆట 1-1గా ముగిస్తే పెనాల్టీ కిక్కుల్లో 3-1తో గెలిచి, దేశంలోకెల్లా పెద్ద లీగును చేజిక్కించుకున్న జట్టే అది. ఆనాడు మన పత్రికలు దానిని తెలుగువారి కీర్తి అన్నాయి. నాలుగేళ్ళయినా గడవకముందే ఆ కీర్తి చేతులు మారి రైలెక్కిపోతే మాత్రం ఆ పత్రికల్లోనే ఒక మూల చిన్న వార్తగా సరిపెట్టారు. వీధిలోని బోరింగు పంపు ఊడదీసుకుపోతే నలుగురం పోగై అడుగుతాం గదా! జట్టు పోతే ఎవరూ ఎందుకు అడగలేదు?

అడగకపోవటానికి కారణం ఉన్నది. ఆ జట్టు మనది కాదు, ఏనాడూ కాలేదు. 2019లో పూణే నగరపు జట్టు మూతపడితే, లీగులో ఖాళీ అయిన ఆ చోటును కొందరు పెట్టుబడిదారులు పుచ్చుకుని దానికి హైదరాబాదు అని బోర్డు కట్టారు. లీగు గెలిచిన రెండేళ్ళకే ఆటగాళ్ళకు జీతాలు అందలేదన్న గోల మొదలయింది. కొత్తవారిని చేర్చుకోరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధం పెట్టింది. పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో జట్టు చిట్టచివరి స్థానంలో నిలిచింది. 2024లో మరొక వ్యాపార సంస్థ దానిని తీసుకున్నది; మరుసటి ఏడు ఢిల్లీకి తరలించింది. పూణేలో మూసిన దుకాణం హైదరాబాదులో తెరిచారు, హైదరాబాదులో మూసి ఢిల్లీలో తెరిచారు, జరిగినదంతా ఇదే. సరుకుకు ఊరేమిటి?

ఈ మాట అంటే మన విజ్ఞులు కొందరు జాలిగా నవ్వుతారు. "తెలుగువాడికి ఫుట్‌బాల్ అచ్చిరాదండీ. అది బెంగాలీల ఆట, మలయాళీల ఆట. మనకు క్రికెట్టు చాలు" అంటారు. కొందరు ఇంకొక మెట్టు పైకెక్కి, ఇది శరీర దారుఢ్యానికీ వాతావరణానికీ సంబంధించిన విషయమని శాస్త్రం కూడా చెపుతారు. చరిత్ర తెలియని చోట శాస్త్రం చెప్పటం ఎప్పుడూ సులభమే.

ఆ చరిత్రనే చూద్దాం. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన జట్టు ఏది? హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. యుద్ధకాలంలో ఆగిపోయిన డ్యూరాండ్ పోటీ స్వతంత్ర భారతంలో 1950లో తిరిగి మొదలయితే, మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పు ఎత్తుకువచ్చినది ఎవరు? ఆ పోలీసులే. 1954లో మళ్ళీ వారే, 1957లో ఈస్ట్ బెంగాల్ మీద వారే. 1961లో ఆంధ్ర పోలీసు అన్న పేరుతో మోహన్ బగాన్ మీద ఇంకొకసారి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956, 1957 రెండేళ్ళూ హైదరాబాదే గెలుచుకున్నది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారతదేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుసేన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. అందరూ మన హైదరాబాదు సికిందరాబాదుల వారే. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోను, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోను స్వర్ణపతకం వచ్చినది ఆయన చేతిమీదుగానే. జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మరుసటి ఏడు, 1963 జూన్ 11న, ఆయన కాన్సరుతో కన్నుమూశారు. ఆ తరువాత భారత జట్టు ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలవనే లేదు. వాతావరణం అప్పటికీ ఇప్పటికీ అంతగా మారిందా?

"అయితే అది స్వర్ణయుగమే, ఒప్పుకున్నాం. నవాబుల ఔదార్యం వల్లనూ, పోలీసు అధికారుల దయవల్లనూ వచ్చిన వైభవం, అది పోయింది, ఆటా పోయింది" అనేవారు ఇంకొక రకం. వీరు మొదటివారికంటె ప్రమాదకరం. మొదటివారికి చరిత్ర తెలియదు. వీరికి తెలుసు, తెలిసీ దానిని యజమాని పద్దులో రాస్తారు. ఆ కప్పులు తెచ్చిన కాళ్ళు ఎవరివి? కానిస్టేబుళ్ళవి. పట్నం మొహల్లాల్లో, సికిందరాబాదు దండు పక్క బస్తీల్లో పుట్టి, నెల జీతం కోసం ఖాకీ తొడుక్కున్న పేదింటి కుర్రవాళ్ళవి. బలరాం ఊరు అమ్ముగూడ. అక్కడినుంచి పట్నానికి సైకిలు మీద వచ్చి ఆడవలసిన కుర్రవాడికి సైకిలు బాడుగకు కూడా డబ్బు లేకపోతే రహీంగారు తన జేబులోంచి ఇచ్చేవారట. రహీంగారి జేబు నవాబు జేబు కాదు, బడిపంతులు జేబు.

ఇక్కడ కొంచెం ఆగాలి. రహీంగారు వృత్తిచేత ఉపాధ్యాయులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వగైరా పాఠశాలల్లో పాఠాలు చెప్పినవారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆయన చేసిన మార్పును ఈనాటి వ్యాఖ్యాతలు ఎంతసేపూ వ్యూహాల భాషలోనే చెపుతారు. వెనక్కు జరిగి ఆడే సెంటర్ ఫార్వర్డ్, నలుగురూ ఇద్దరూ నలుగురూగా నిలిచే పద్ధతి, ఇత్యాదులు. అవీ నిజమే. కాని అసలు సంగతి వేరు. అప్పటివరకు బంతి ఎవరి కాలికి దొరికితే వారు దానిని అంటిపెట్టుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవటమే గొప్పతనం. తెల్లదొరల దండు ఆటలోనూ, దానిని చూసి నేర్చుకున్న మనవారి ఆటలోనూ ఒంటరి వీరుడికే చప్పట్లు. రహీంగారు పిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టారు. ఒక పోటీలో బంతిని అట్టేపెట్టుకుని పోవటమే నిషిద్ధం. తాకగానే పక్కవాడికి అందించాలి. ఇంకొక పోటీలో ఎవరికి ఏ కాలు వాటం కాదో ఆ కాలితోనే కొట్టాలి. ఇవి బడిపంతులు మాత్రమే కనిపెట్టగల పోటీలు. తరగతిలో గట్టివాడొక్కడి చేత జవాబు చెప్పించి మురిసిపోయే పంతులు ఒక రకం. వెనక బెంచీలో కూర్చున్నవాడి చేత కూడా చెప్పించేదాకా ఊరుకోని పంతులు ఇంకొక రకం. రహీంగారు ఈ రెండో రకం.

2024లో ఆయన మీద హిందీలో ఒక సినిమా వచ్చింది. ఆయన పేరు కొత్త తరానికి తెలిసినందుకు సంతోషించవలసిందే. అయితే తెరమీద మిగిలినది మళ్ళీ ఒంటరి వీరుడే. వెనక ఉన్న హైదరాబాదు లీగూ, పాఠశాలల పోటీలూ, డ్యూటీ దిగి బూట్లు కట్టుకున్న కానిస్టేబుళ్ళూ పక్కకు తప్పుకున్నారు. జీవితమంతా బంతిని పక్కవాడికి అందించమని చెప్పిన మనిషి కథలో బంతి కథానాయకుడి కాలిని విడువదు!

మనవాళ్ళను కూడా ఒక మాట అనక తప్పదు. అభ్యుదయవాదులం మనం ఈ చరిత్ర వైపు ఎందుకు చూడలేదు? జానపద కళలు సేకరించాము, బుర్రకథలు సేకరించాము, చెరువు తవ్వకం పాటలు కూడా విడిచిపెట్టలేదు. పాటకు ఉన్న గౌరవం ఆటకు లేకపోయింది. ఆట అంటే పాలకవర్గాలు జనం కళ్ళకు కట్టే గంతలు అని ఒక్క వాక్యంలో తేల్చేశాము. దీని వెనుక ఇంకొక సంకోచం ఉన్నది. దానిని పైకి అనటానికి మొహమాటపడుతున్నాము. ఆ జట్టు పోలీసు జట్టు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. ఊళ్ళలో పోలీసు క్యాంపులు ఏమి చేశాయో ముసలివాళ్ళు చెపుతుంటే విన్నవారం మనం. అదే 1950లో పోలీసు అన్న పేరుతో వచ్చిన డ్యూరాండ్ కప్పుకు చప్పట్లు కొట్టటానికి చేతులు రావు. ఆ సంకోచం నాకు అర్థం అవుతుంది. కాని దానితో ఏకీభవించను. లాఠీ ఊపమని ఆజ్ఞ ఇచ్చిన వర్గం వేరు, కప్పు తెచ్చిన కానిస్టేబులు పుట్టిన వర్గం వేరు. పైగా ఆ ఏళ్ళలో ఈ జట్టుకు ఇంకొక అర్థం కూడా ఉన్నది. 1948 పోలీసు చర్య తరువాత హైదరాబాదు సంస్థానంలోని సామాన్య ముస్లిము కుటుంబాలు ప్రాణాలూ ఉద్యోగాలూ నమ్మకమూ పోగొట్టుకుని బితుకుబితుకుమంటున్న కాలం అది. వీరు ఈ దేశానికి పరాయివారని బాహాటంగా అంటున్న కాలం. సరిగ్గా ఆ కాలంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్‌లు దేశం పేరు మీద చొక్కా తొడుక్కుని ఆడారు. నూర్ మహమ్మద్ చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. మతసామరస్యం మీద మనం ఎన్ని సంపాదకీయాలు రాశాము! ఈ ఒక్క జట్టు గురించి ఎన్ని రాశాము?

మరి ఇంత జట్టు ఎందుకు నిలవలేదు? క్రికెట్టు మింగేసిందన్న జవాబు అందరికీ సౌకర్యంగా ఉన్నది. టెలివిజను ఇంటింటికీ రాకముందే, 1983లో క్రికెట్టు ప్రపంచ కప్పు గెలవకముందే హైదరాబాదు ఫుట్‌బాల్ కృశించటం మొదలయిందన్న సంగతి ఈ జవాబుకు అడ్డం. కారణం జట్టు నిర్మాణంలోనే ఉన్నది. జట్టు ఒక ప్రభుత్వ శాఖకు చెందినది. దానికి సభ్యులు లేరు, చందా లేదు, సొంత మైదానం లేదు, లెక్కలడిగే సర్వసభ్య సమావేశం లేదు. పైఅధికారికి ఆట ఇష్టమయితే ఆటగాడికి ఉద్యోగం దొరికింది, సాధనకు వేళ దొరికింది. ఆ అధికారి మారితే రెండూ పోయాయి. కలకత్తాలో అట్లా కాదు. అక్కడి క్లబ్బుల్లో ఎన్ని కుట్రలున్నా, జమీందారీ వాసనలున్నా, వాటి వెనుక సభ్యత్వపు కార్డు చేతబట్టుకున్న గుమాస్తాలూ కూలీలూ శరణార్థులూ ఉన్నారు. అందుచేత డబ్బు అక్కడ పోగయింది. డబ్బు ఉన్న చోటికి మన ఆటగాళ్ళు పోయారు. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీదా పెరూ మీదా గోళ్ళు కొట్టిన ఆ మనిషి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే చనిపోయాడు. తరువాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్‌లు పేరు తెచ్చుకున్నదీ కలకత్తాలోనే. వారిని తప్పుపట్టేవాణ్ణి కాను. తన శ్రమను మంచి కూలికి అమ్ముకునే హక్కు నేతగాడికి ఉన్నట్టే గోలు కొట్టేవాడికీ ఉన్నది. ఊళ్ళో వారిని నిలుపుకోగల సంస్థను మనం కట్టలేదు, చెప్పవలసినది అదీ.

ఇది మన ఒక్కరికే పట్టిన గతి అనుకుంటే పొరపాటు. ఈ ఆటకు పురుడుపోసిన దేశాల్లో ఒకటయిన స్కాట్లండులో రెంటన్ అని ఒక చిన్న ఊరు. గ్లాస్గోకు వాయవ్యంగా, లెవెన్ నది ఒడ్డున, అద్దకపు కర్మాగారాల మీద బతికిన ఊరు. ఆ లోయలో అద్దిన ఎర్రగుడ్డ మన దేశపు బజార్లకు ఓడలకు ఓడలు వచ్చిపడింది. మన కళ్ళకు నచ్చాలని దాని మీద నెమళ్ళ బొమ్మలు కూడా వేశారు. చిరివేరుతో ఎరుపు ఎక్కించిన మచిలీపట్నపు అద్దకందారుకు ఆ నెమళ్ళు ఎట్లా కనిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆ రంగుతొట్ల ఊళ్ళో 1872లో జట్టు పుట్టింది. 1885లోను, 1888లోను స్కాటిష్ కప్పు గెలిచింది. 1888 మే నెలలో ఇంగ్లండు కప్పు గెలిచిన వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్‌ను పిలిచి 4-1తో ఓడించి, మైదానం పక్కన 'ప్రపంచ విజేతలు' అని బోర్డు పెట్టుకున్నది. పల్లెటూరి బడాయి కాదు. ఆనాటికి ఆ మాట కాదనగలవారు ఎవరూ లేరు.

సరిగ్గా ఆ 1888లోనే సిమ్లాలో, మన సరిహద్దులు గీసిన మార్టిమర్ డ్యూరాండ్ దొర పేర డ్యూరాండ్ పోటీ మొదలయింది. మొదటి తుదిపోటీలో తలపడినవి రెండూ స్కాట్లండు పటాలాలే. పల్లెల్లో, మిల్లు ఊళ్ళలో ఉపాధి దొరకని స్కాట్లండు కుర్రవాణ్ణి ఎర్రకోటు తొడిగి మన మీదికి పంపారు. బంతి వాడి వెంటే వచ్చింది. అరవై రెండేళ్ళ తరువాత అదే కప్పును హైదరాబాదు కానిస్టేబుళ్ళు గెలుచుకున్నారు. మన పాఠ్యపుస్తకాలు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పవు.

రెంటన్ ఏమయింది? విజయం వచ్చిన ఏడే దాని మేటి ఆటగాళ్ళు జేమ్స్ కెల్లీ, నీల్ మెక్‌కాలం గ్లాస్గోలో కొత్తగా పెట్టిన సెల్టిక్ జట్టుకు తరలిపోయారు. 1890లో స్కాటిష్ లీగు ఏర్పడితే రెంటన్ దాని వ్యవస్థాపక సభ్యురాలు. అయిదు ఆటలు ఆడిందో లేదో, చాటుగా డబ్బిచ్చి ఆడించిందన్న నేరం మీద నిషేధానికి గురయిన జట్టుతో ఆడిందని దానిని వెళ్ళగొట్టారు. పెద్ద జట్లు లోపాయికారీగా చేస్తున్నదానికి చిన్న ఊరు శిక్ష అనుభవించింది. మరుసటి ఏడు మళ్ళీ చేర్చుకున్నారు. 1893లో డబ్బిచ్చి ఆడించటం చట్టబద్ధమే అయింది. అప్పటికి ప్రయోజనం ఏమున్నది? వేల మంది టిక్కెట్టు కొనే నగరం ముందు రంగుతొట్ల ఊరు నిలుస్తుందా? 1922లో జట్టు మూతపడింది. పక్కనే ఉన్న వేల్ ఆఫ్ లెవెన్, 1877 నుంచి వరుసగా మూడేళ్ళు కప్పు గెలిచిన జట్టు, 1929లో పోయింది. 1930లలో ఆ లోయ కమ్యూనిస్టు కౌన్సిలర్లను ఎన్నుకుని 'చిన్న మాస్కో' అని పేరు తెచ్చుకున్నది. జట్టును నిలుపుకోవటానికి మాత్రం ఆ చైతన్యం ఒక దశాబ్దం ఆలస్యంగా వచ్చింది.

"అదంతా పాతకాలం. ధర్మప్రభువు ఒకడు దొరికితే చిన్న ఊరయినా పైకి వస్తుంది" అంటారా? ఆ ప్రయోగమూ స్కాట్లండులోనే జరిగింది. గ్రెట్నా అని సుమారు మూడు వేల జనాభా గల సరిహద్దు ఊరు. ఒక కోటీశ్వరుడు డబ్బు కుమ్మరించగా దాని జట్టు 2006లో స్కాటిష్ కప్పు తుదిపోటీ దాకా పోయింది. 2007లో అగ్రశ్రేణి లీగుకు ఎక్కింది. 2008లో ఆ ప్రభువు జబ్బుపడ్డాడు, డబ్బు ఆగింది, అదే ఏడు జట్టు దివాలా తీసి రద్దయింది. తరువాత ఆ ఊరి అభిమానులు తలా కొంత వేసుకుని, అట్టడుగునుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ జట్టు పేరు గ్రెట్నా 2008. కొత్త జట్టు పెద్ద పోటీలేవీ గెలవలేదు. కాని దానిని రాత్రికి రాత్రి మూటకట్టి ఇంకొక ఊరికి తీసుకుపోగలవాడు లేడు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. నేనుండే నస్రుల్లాబాద్ 2016 జిల్లాల విభజనలో మండల కేంద్రమయింది. బాన్సువాడకు కూతవేటు దూరం. నిజాంసాగర్ కింద రెండు కార్లు పండే నేల. వరి కోసిన మడిలో పిల్లలు బంతి ఆడాలన్నా కొయ్యకాళ్ళు ఎండేలోగా మళ్ళీ నీళ్ళు పెడతారు. ఇక మిగిలిన ఖాళీ జాగాలో ధాన్యం ఆరబోయాలి. రైతును అనటానికి లేదు, ఆరబోసే కల్లం వానికీ లేదు. 2022లో ఊరూరా క్రీడాప్రాంగణం అని బోర్డులు లేచాయి. అనేక చోట్ల ఆ బోర్డులు గడ్డిలో నిలబడి ఉన్నాయని పత్రికలే రాశాయి. ఇట్లాంటి చోట ఫుట్‌బాల్ గురించి మాట్లాడటం విలాసమని ఒక మిత్రుడు నాతో అన్నాడు.

విలాసమే అయితే గుగులోతు సౌమ్యను ఏమందాం? నిజామాబాదు జిల్లాలోని లంబాడీ తండా పిల్ల. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టుకు ఎంపికయి పోయింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి మేటి మహిళా క్రీడాకారిణిగా ఎన్నుకున్నది. ఆమె ఆడినది ఎవరికి? కేరళలోని గోకులానికి, కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్‌కు. బలరాం పోయిన దారినే, డెబ్బై ఏళ్ళ తరువాత, బాన్సువాడకు ఇవతలి జిల్లా పిల్ల కూడా పోవలసివచ్చింది. తెలుగు గడ్డ మీద ఆమె చొక్కా తొడుక్కోదగిన మహిళా జట్టు ఒక్కటీ లేదు గనక.

ఉపాధ్యాయ మిత్రులను అడుగుతున్నాను. మన చేతిలో ఉన్న పని ఒకటున్నది. దానికి పెట్టుబడిదారుడు అక్కరలేదు. ఒక మండలంలోని పది బళ్ళు కలిస్తే ఒక లీగు అవుతుంది. ప్రతి ఇంటినుంచీ ఏడాదికి పది రూపాయలు చందా తీసుకుంటే బంతులు వస్తాయి. చందా ఇచ్చినవారికి రశీదు ఇవ్వాలి, రశీదు ఉన్నవారికి ఓటు ఉండాలి. ఆడపిల్లలకు మొదటి రోజునుంచే వేరే జట్టు ఉండాలి, సాయంత్రం చీకటి పడకముందు మైదానం వారికి ముందు దక్కాలి. క్రీడాప్రాంగణం జాగా సర్వే నంబరు పంచాయతీ కార్యాలయంలో అడిగి రాసుకోవాలి. ఎవరి వెంచరులో కలిసిపోకముందే. ప్రతి ఆట ఫలితం, ఆడినవారి పేర్లు, ఒక దస్త్రంలో ఎక్కించాలి. సిటీ పోలీసు జట్టుకు అట్లాంటి దస్త్రమొకటి ఉండి అది ప్రజల చేతిలో నిలిచి ఉంటే, ఈ వ్యాసంలో కప్పుల లెక్కకు బదులు ఆ కానిస్టేబుళ్ళ ఇళ్ళూ వీధులూ జీతాలూ ఉండేవి.